పెట్టె విప్పిన చెయ్యి

పోయిన వారం మీరు నన్ను వదిలిపెట్టింది తిరుత్తణి వెళ్ళే కరెంటు రైల్లో, నిలబడి. కొండ మీది మురుగన్‌కి కావళ్ళు మోసే ఆడి కృత్తిక వారంలో సీటు కోసం వెతకడం నాదే తప్పు. పెట్టె నిండా పసుపు బట్టల వాళ్ళు, పూల కావళ్ళు. ఒక కావడి కొన నా చెవిని గీరుతూనే ఉంది, దాన్ని మోసే పెద్దాయన ప్రతిసారీ నా వైపు తిరిగి దణ్ణం పెడుతూనే ఉన్నాడు. నేను మాత్రం చేతిసంచిని పొట్టకి హత్తుకుని నిలబడ్డాను. అందులో కంపెనీ పంపిన నోటీసు ఉంది, దానికి నేను రాసిన జవాబు ఉంది. జవాబు కింద సంతకం ఇంకా పెట్టలేదు.

ఈ వారమే కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. నా పేరు శోభన. తిరువళ్ళూరు స్టేషన్ రోడ్డులో కస్తూరి డిజిటల్స్ అనే కొట్టు నాది. ఒక పక్క కెమెరాలు, లెన్సులు. ఇంకో పక్క కంప్యూటర్ ఆటల సామాను: రంగురంగుల లైట్లు వెలిగే కీబోర్డులు, మౌసులు, హెడ్‌సెట్లు. మా ఆయన పార్థిబన్‌కి ఆత్తిపట్టులో కరెంటు ప్లాంటు ఉద్యోగం, షిఫ్టుల మీద షిఫ్టులు, వారానికి ఒక రోజు ఇంట్లో కనపడితే గొప్ప. కొట్టులో ఉండేది నేను, మా అత్త కస్తూరమ్మ, పదకొండేళ్ళుగా మా దగ్గర పనిచేసే ఎలుమలై.

నెల కిందట పొదటూరుపేట నుంచి ఎస్తేర్ అనే ఫొటోగ్రాఫర్ వచ్చి మా కొట్టులో ఉన్నవాటిలోకెల్లా ఖరీదైన కెమెరా కొనుక్కుని వెళ్ళింది. పది రోజుల తరవాత ఇంటర్నెట్లో మాకు ఐదు చుక్కలకి ఒక్క చుక్క ఇచ్చి, కింద తమిళంలో నిలువెత్తు వ్యాసం రాసింది. వాడేసిన కెమెరాని కొత్తదని అంటగట్టారు అని. దాన్ని చూసినవాళ్ళు చూసినట్టు కొట్టు ముందు నుంచే వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. ఆమె అంతటితో ఆగలేదు, కంపెనీకి కూడా రాసింది. కంపెనీ వాళ్ళు కెమెరాని పరీక్షించి ఆమె చెప్పింది నిజమేనని తేల్చారు. పెట్టె ఎవరు విప్పారో, కెమెరా ఎవరు వాడారో పేరుతో సహా శుక్రవారం లోపల రాసివ్వాలి, లేకపోతే ఏజెన్సీ రద్దు. అదీ నోటీసు. కెమెరాల ఏజెన్సీ పోతే మా కొట్టుకి తాళం పెట్టుకోవడమే. మౌసులూ కీబోర్డులూ అమ్మి ఆ రోడ్డులో అద్దె కట్టి బతకడం ఎవరి వల్లా కాదు.

సరుకు బీరువా తాళాలు ఇద్దరి దగ్గరే ఉంటాయి. ఒకటి మా అత్త దగ్గర, ఒకటి ఎలుమలై దగ్గర. టీవీ రిమోట్లో రెండు బటన్లకి మించి తెలియని మా అత్తని అనుమానించడం నా బుర్రకి తట్టనే లేదు. ఇక మిగిలింది ఎవరు? నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా వీధి వీధంతా తెలుసు. సోమవారం పొద్దున ఎలుమలైని పిలిచి, తాళం బల్ల మీద పెట్టి వెళ్ళిపొమ్మన్నాను. అతను కాదనలేదు, అవుననలేదు. తాళం పెట్టాడు, చెప్పులు తొడుక్కున్నాడు, వెళ్ళాడు. మారుమాట లేకుండా వెళ్ళడమే తప్పు ఒప్పుకోవడం అనుకున్నాను నేను. అత్తకి మాత్రం, ఎలుమలై కావడి ఎత్తుతున్నాడని, వారం సెలవు పెట్టాడని అబద్ధం చెప్పాను. ఎలుమలై అంటే ఆమెకి ప్రాణం.

ఈ రోజు బుధవారం. దొంగని పట్టుకుని పంపించేశాం తల్లీ, నీ కెమెరా మార్చి ఇస్తాం, కంపెనీకి నువ్వు రాసింది వెనక్కి తీసుకో అని ఎస్తేర్ కాళ్ళావేళ్ళా పడటానికి నేను బయల్దేరాను. కథ ఇంతవరకూ వచ్చింది.

తిరుత్తణిలో దిగి, బస్సు పట్టుకుని, పొదటూరుపేట చేరేసరికి పదకొండు. వీధిలో ఏ ఇంటి ముందు నిలబడినా లోపల మగ్గాల చప్పుడే. ఎస్తేర్ స్టూడియో మేడ మీద. ఇరవై ఏడేళ్ళ పిల్ల, జడ ముడేసుకుని, కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరి పెళ్ళి ఆల్బమో సరిచేస్తోంది. నన్ను చూడగానే ముఖం గంటు పెట్టుకుంది. అయినా లేచి, కుర్చీ తుడిచి, మంచినీళ్ళు ఇచ్చింది. కోపంలో కూడా మర్యాద తప్పని మనిషిని చూస్తే నాకు ఇంకా కంగారు. తిడితే ఎదురు తిట్టడం వచ్చు నాకు. ఇలాంటివాళ్ళ ముందు ఏం చెయ్యాలో తెలియదు.

నేను బట్టీ పట్టిన మాటలన్నీ అప్పజెప్పాను. ఆమె మధ్యలో అడ్డు రాకుండా విన్నది. విని, తన ఫోన్లో ఒక అంకె చూపించింది. రెండు వేల ఎనిమిది వందల నలభై ఆరు.

కెమెరాతో ఒక్కో ఫొటో తీసినప్పుడల్లా లోపల ఒక లెక్క పెరుగుతుంది. కొత్త కెమెరాలో అది సున్నా ఉండాలి. మా కొట్టు నుంచి వచ్చినదాంట్లో ఒకటి ఉంటుంది. ఆ ఒకటి ఎందుకో తిరువళ్ళూరులో అందరికీ తెలుసు. మా అత్తది రాశి చెయ్యి, అంటే మంచి హస్తవాసి. మా మామ ఇదే కొట్టులో రేడియోలు అమ్మే కాలంలోనే, కస్తూరమ్మ మొదట తిప్పిన రేడియో చెడిపోదని పేరు పడింది. ఇప్పుడు రేడియోలు లేవు, కెమెరాలున్నాయి. ఆమె చెయ్యి కడుక్కుని, సామి పటం వైపు తిరిగి, పెట్టె సీలు తనే కోసి, కెమెరాకి చందనం బొట్టు పెట్టి, కొన్నవాళ్ళ మెమరీ కార్డే వేసి, తిరుత్తణి కొండ ఉన్న దిక్కుకి ఒక్క ఫొటో నొక్కి, రెండు చేతులతో అందిస్తుంది. పెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళు దీనికోసమే చెన్నై మానుకుని మా దగ్గరికి వస్తారు.

ఆటల సామానుకీ ఇదే వరస. కీబోర్డు అయితే అన్నిటికన్నా పొడుగు బటన్ ఒకసారి నొక్కుతుంది. హెడ్‌సెట్ అయితే మైకులో మురుగా అంటుంది. ఇంజినీరింగ్ చదివే మహేంద్ర అని ఒకడున్నాడు, పోటీలకి ముందు కొత్త మౌసు కొనుక్కుని, మా అత్త చేత నొక్కించుకుని వెళ్ళాడు. మర్నాడే వాపసు తెచ్చాడు, బాణం కదలడం లేదని. తిప్పి చూస్తే, మౌసు అడుగున ఉండే కంటి మీద మా అత్త పెట్టిన చందనం బొట్టు దిట్టంగా ఎండిపోయి ఉంది. గుడ్డ పెట్టి తుడిస్తే బాగైపోయింది. నేను సిగ్గుతో చచ్చాను. వాడు మాత్రం మా అత్తతో, బొట్టు ఈసారి వీపు మీద పెట్టు పాట్టీ అని మళ్ళీ చెయ్యి చాపాడు.

ఇవన్నీ ఎస్తేర్‌కి తెలుసు. ఒక్క నొక్కుకి ఆమె గొడవ పడటం లేదు.

“మేము సర్చికి పోయేవాళ్ళం అక్కా, మాకు కైరాశి అంతా నమ్మకం లేదు. అయినా ఆ యమ్మ నొక్కి, నల్లా ఉండు, బాగుండు అని నా చేతికి ఇచ్చినప్పుడు నాకు ఏడుపు వచ్చింది. మూడేండ్లు అడిగి తెచ్చుకున్న కెమెరాతో పెండ్లిళ్ళు చేసినాను. ఇది నాది అనుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే మూడు వేల ఫొటోలు తీసేసిన కెమెరా. కొత్త బండి కొంటే మీటర్లో అన్ని కిలోమీటర్లు ఉంటే మీరు సుమ్మా ఊరుకుంటారా?”

ఊరుకోను. ఊరుకోనని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. నా తల వాలిపోయింది. క్షమించమని అడిగాను, ఈసారి బట్టీ పట్టని మాటల్లో. ఆ తప్పు చేసినవాణ్ణి, మా ఎలుమలైని, పనిలోంచి తీసేశామని, వాడి పేరు కంపెనీకి రాసిస్తున్నామని సంచిలోంచి కాగితం తీసి చూపించాను.

ఎస్తేర్ కాగితం చదివి, బల్ల మీద పెట్టి, నా వైపు వింతగా చూసింది. ఎలుమలై అన్న అంటే, మీ కొట్లో గళ్ళ చొక్కా వేసుకుని, ఎడం చెవి వెనకాల పెన్సిల్ పెట్టుకునే ఆయనేనా అని అడిగింది. అవునన్నాను. ఆమె కుర్చీ కంప్యూటర్ వైపు తిప్పుకుంది.

మేము కెమెరాతో పాటు ఒక మెమరీ కార్డు ఉచితంగా ఇస్తాం. అది పెట్టెలోనే ఉంటుంది. ఆ కార్డు చూడటానికి ఖాళీగానే ఉంది. కానీ ఎస్తేర్ చెయ్యి తిరిగిన మనిషి. మోసం జరిగిందని తెలియగానే, చెరిపేసిన ఫొటోలని వెనక్కి రప్పించే ప్రోగ్రాము ఒకటి దానిమీద వేసింది. అన్నీ రాలేదు. రెండు వందల పద్నాలుగు వచ్చాయి. ఈ సంగతి ఆమె ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, కంపెనీకి కూడా. ఎందుకు చెప్పలేదో చూస్తే మీకే తెలుస్తుంది అన్నది.

మొదటి ఫొటోలో ఎలుమలై ఉన్నాడు.

మా కొట్టు గుమ్మంలో, ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద పెట్టి టీ తాగుతున్నాడు. చెవి వెనక పెన్సిలు. టీ గ్లాసు అంచు మీంచి ఎవరినో చూసి నవ్వుతున్నాడు. రెండో దాంట్లో అతనే, ఆటల కుర్చీకి చక్రాలు బిగిస్తూ. మూడో దాంట్లో అతని చేతులు మాత్రమే, ఒక కీబోర్డు బటన్ల మధ్య దుమ్ము కుంచెతో తుడుస్తూ.

ఫొటోలో ఉన్న మనిషి ఫొటో ఎలా తీస్తాడు? ఎలుమలై కాదు. నేను సోమవారం గుమ్మం దాటించిన మనిషి ఏ పాపం ఎరగడు. పదకొండేళ్ళు నా కొట్టు ఊడ్చి, తెరిచి, మూసి, నా కాన్పుకి ఆటో వెతికి తెచ్చిన మనిషి ముందు నేను తాళం కోసం చెయ్యి చాపాను. నా మీద నాకే అసహ్యం పుట్టింది.

ఎస్తేర్ ఒక్కొక్కటే చూపిస్తోంది. స్టేషన్ మెట్ల మీద పూలు కట్టే ఆవిడ, దారం పళ్ళతో తెంపుతూ. కొత్తగా గుండు కొట్టించుకున్న పసిపాప, చందనం పూసిన నెత్తిని తనే తడుముకుని ఆశ్చర్యపోతూ. టిఫిన్ డబ్బా తెరిచి వాసన చూస్తున్న రైల్వే గ్యాంగ్‌మన్. మా ఎదురు మందుల కొట్టు పిల్ల వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంటూ. అన్నీ మధ్యాహ్నపు ఎండలో తీసినవే. అన్నీ కాస్త కిందనుంచి, ముక్కాలి పీట మీద కూర్చున్నవాళ్ళ కంటి ఎత్తునుంచి తీసినవే.

ఆ తరవాత నేను వచ్చాను.

మధ్యాహ్నం భోజనం అయ్యాక గంట సేపు కొట్లోనే బల్ల మీద తల పెట్టుకుని పడుకోవడం నాకు అలవాటు. అమ్మకానికి చూపించే ఆటల కీబోర్డు ఒకటి ఎప్పుడూ అక్కడే వెలుగుతూ ఉంటుంది. దాని మీద చెంప ఆనించి నిద్రపోతున్నాను. ఆకుపచ్చ, నీలం, ఊదా రంగులు నా బుగ్గ మీద, మూసిన కన్ను మీద. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. కనుబొమల మధ్య ముడి నిద్రలో కూడా విడలేదు. నన్ను నేను అద్దంలో రోజూ చూసుకుంటాను, ఇలా ఎప్పుడూ చూసుకోలేదు. ఇంత అలిసిపోయిన ఆడమనిషి నేనేనా అనిపించింది. ఒకటి కాదు, నావే ఇరవైకి పైగా ఉన్నాయి. నేను నిద్రపోతున్నవి, నిద్ర లేచి అటు తిరిగి తల దువ్వుకుంటున్నవి, వీపు ఇటు పెట్టి పార్థిబన్‌తో ఫోన్లో పోట్లాడుతున్నవి. తీసిన మనిషెవరో గానీ, నా మీద బోలెడు జాలి పడుతూ తీశారు.

“నాకు కోపం ఎందుకొచ్చిందో తెలుసా అక్కా? ఇవి నా ఫొటోల కంటే బాగుండాయి.” ఎస్తేర్ గొంతులో మొదటిసారి నవ్వులాంటిది వినపడింది. “ఎనిమిదేండ్లుగా ఇదే పని నాది. ఇట్లా ఒక్కటి కూడా తీయలేకపోయినాను. అదే కెమెరా.”

ఎవరు తీశారో ఆమెకి తెలియదు. ఒకదాంట్లో మాత్రం కొంచెం కనపడుతుంది అంటూ ఇంకో ఫొటో పెద్దది చేసింది. మా లెన్సుల అల్మారా. గాజు తలుపు. ఆ గాజు మీద ఎదురుగా ఉన్నవాళ్ళ ప్రతిబింబం. ముక్కాలి పీట, దాని మీద అంచు నేలకి జారిన చీర, కంటికి ఆనించి పట్టుకున్న కెమెరా, కెమెరా వెనక నుంచి పక్కకి పొడుచుకు వచ్చిన పెద్ద కొప్పు. ఆ కొప్పుకి రోజూ పొద్దున పూలు పెట్టేది నేనే.

మా అత్త కస్తూరమ్మ.

కింద మగ్గం ఆగింది, మళ్ళీ మొదలైంది. నా ముఖం చూసి ఎస్తేర్ అర్థం చేసుకుంది. ఆమె తెరని ఆపేసి, నా పక్కకి వచ్చి కూర్చుంది. ఆ యమ్మేనా అని మెల్లిగా అడిగింది. తల ఊపాను.

ఆమె తన మాట చెప్పింది. తనకి కొత్త కెమెరా కావాలి, అందులో మొహమాటం లేదు. కానీ కంపెనీకి రాసింది వెనక్కి తీసుకోవాలంటే ఒక షరతు.

“నిజం రాయండి, తీసేసుకుంటాను. ఎలుమలై అన్న పేరు రాస్తే మాత్రం తీసుకోను. ఈ ఫొటోలన్నీ నేనే కంపెనీకి పంపిస్తాను. ఒకరు చేసినదానికి ఇంకొకరు పోవడం నాకు సెరి కాదక్కా.”

తిరుగు బస్సులో, రైల్లో నా తల రెండు వైపులా లాగుతూనే ఉంది. అత్త పేరు రాస్తే కొట్టు నిలుస్తుందేమో. కానీ తిరువళ్ళూరు అంతా నమ్మిన చెయ్యి అది. పెళ్ళికూతురి తల్లులు, పోటీలకి వెళ్ళే కుర్రాళ్ళు కళ్ళకద్దుకున్న చెయ్యి. కస్తూరమ్మ వాడేసిన సరుకుని బొట్టు పెట్టి అమ్మింది అని ఊరు అంటుంది. అరవై ఆరేళ్ళ వయసులో ఆ మాట విని ఆమె తట్టుకుంటుందా? రాయకపోతే ఎస్తేర్ ఫొటోలు పంపిస్తుంది, ఏజెన్సీ పోతుంది, అప్పుడూ అత్త పేరే బయటికొస్తుంది. మధ్యలో ఎలుమలై. ఆలోచించిన కొద్దీ అత్త మీద ఒళ్ళు మండిపోయింది. అంతలోనే గాజు మీద ఆ కొప్పు గుర్తొచ్చి గుండె కరిగిపోయింది. మళ్ళీ మండింది.

మూడున్నరకి కొట్టు చేరాను. బేరాల్లేవు. అత్త ముక్కాలి పీట మీద కూర్చుని హెడ్‌సెట్ల మీద దుమ్ము తుడుస్తోంది. తిన్నావా అని అడిగింది. ఎస్తేర్ నా ఫోన్లోకి పంపిన ఫొటో తెరిచి, ఆమె ఒడిలో పెట్టాను. కీబోర్డు మీద నిద్రపోతున్న నా ఫొటో.

బుకాయిస్తుందనుకున్నాను. ఇదేమిటో నాకు తెలీదు అంటుందనుకున్నాను. నిజం చెప్పాలంటే, అలా అంటే బాగుండునని కూడా అనుకున్నాను. అత్త ఫోన్ని రెండు చేతులతో పట్టుకుని, కళ్ళకి దగ్గరగా తెచ్చుకుని, ముఖమంతా వెలిగిపోతుండగా చూసింది.

“ఇది పోయిందనుకున్నాను మే,” అంది. “ఎలుమలై అన్నీ తుడిచేసినాడు కదా. ఇది యాడ దొరికింది నీకు?”

ఎలుమలైకి తెలుసా అని అడిగాను.

తెలుసట. ఒక మధ్యాహ్నం అతను ఎవరికో చూపించడానికి ఒక కెమెరా పెట్టెలోంచి తీసి, బేరం కుదరక బల్ల మీద పెట్టి, భోజనానికి వెళ్ళాడు. నేను నిద్రపోతున్నాను. కీబోర్డు రంగులు నా ముఖం మీద పడుతున్నాయి. అత్తకి ఏమనిపించిందో, కెమెరా అందుకుని నొక్కింది. నొక్కి, వెనక తెర మీద చూసుకుంది. అతను తిరిగి వచ్చేసరికి ఇరవై తీసి ఉంది. అతను కోప్పడలేదు. వెలుతురు ఎక్కువైతే ఏం చెయ్యాలో, తక్కువైతే ఏం చెయ్యాలో నేర్పించాడు. రోజూ నేను నిద్రపోయే ఆ గంట ఆమెది. అయిపోయాక అతను మెత్తటి గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టి, అతుకు కనపడకుండా మూసేవాడు. సీలు కోసేది ఎలాగూ అత్తే, సామి వైపు తిరిగే కోస్తుంది. ఆ సీలు అసలు ఉందో లేదో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. నేను కూడా.

ఎస్తేర్ చూపించిన లెక్క, కంపెనీ పంపిన నోటీసు సంగతి చెప్పి, ఎందుకు చేశావత్తా అని అరిచాను. నా గొంతు రోడ్డు మీదికి వినపడి ఉంటుంది. అత్త అరవలేదు.

“ఎన్నేండ్లుగా నొక్కుతుండాను శోభనా? నొక్కి ఇచ్చేస్తాను. పెట్టె వాళ్ళతోనే పోతుంది. నేను తీసింది ఎట్లా పడిందో ఒక్కటన్నా చూసినానా నేను? చెయ్యి రాశి, చెయ్యి రాశి అంటారు అందరూ. ఆ చేత్తో ఏమి తీసినానో నాకే తెలీదు. ఒక్కసారి చూద్దామనిపించింది. చూసినాక మళ్ళీ పెట్టెలో పెట్టేదానికి మనసు రాలే.” ఫోన్ని కొంగుతో తుడుస్తూ అంది, “గీత పడకుండా చూసుకున్నాము. అరిగిపోయేదానికి అదేమన్నా కాలి చెప్పా అనుకున్నాను. లోపల లెక్క రాసుకుంటాదని మాకేం తెలుసు?”

ఎలుమలైకి తెలిసి ఉండాలి. ఇన్నేళ్ళు కెమెరాలు అమ్మినవాడికి లెక్క ఉంటుందని తెలియకుండా ఉండదు. ఆమె సంతోషం చూసి ఆ మాట చెప్పలేకపోయి ఉంటాడు. ఎప్పటికప్పుడు రేపు చెబుదాం అనుకుని ఉంటాడు. నేనైనా అంతే చేసేదాన్నేమో.

ఇక దాచి లాభం లేదు. ఎలుమలై కావడి ఎత్తడానికి వెళ్ళలేదని, నేనే పొమ్మన్నానని, కెమెరా వాడింది అతనేనని కంపెనీకి రాశానని చెప్పాను. కాగితం చూపించాను. కంపెనీ కోసం నేను తమిళంలో రాసిన ఆ జవాబుని ఆమె కూడబలుక్కుంటూ, వేలు పెట్టుకుని చదివింది. ఎలుమలై పేరు దగ్గర వేలు ఆగిపోయింది.

“వాడు నీతో ఏమీ చెప్పలేదా?”

“ఒక్క మాట కూడా చెప్పలేదత్తా.”

“నేనే వాడినానని కూడా చెప్పలేదా?”

“చెప్పలేదు.”

అత్త కళ్ళ నీళ్ళు పెట్టుకుంటుందని ఎదురుచూశాను. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, రెండు ముక్కలు చేసి, చెత్తబుట్టలో వేసింది. కొంగు దోపుకుంది. కంపెనీ నోటీసు ఇమ్మంది. దాని అడుగున ఏరియా మేనేజర్ యువరాజ్ నంబరు ఉంది. నేను ఇవ్వను అన్నాను. శుక్రవారం వరకూ గడువుంది, ఆలోచిద్దాం, పార్థిబన్‌తో మాట్లాడదాం, ఎలుమలైని వెనక్కి పిలుద్దాం, ఎలా రాస్తే నీ పేరు చెడిపోకుండా ఉంటుందో చూద్దాం అని బతిమాలాను.

“నా పేరుకేముంది మే,” అంది ఆమె. “వాని పేరు చెడింది ముందు.”

నోటీసు నా సంచిలోంచి తనే తీసుకుంది. కొట్టు ఫోనులో ఒక్కో అంకె చూసుకుంటూ, నిదానంగా నొక్కింది. యువరాజ్ ఎత్తాడు. అత్త లేచి నిలబడి, సామి పటం వైపు కాకుండా, నా వైపు తిరిగి, తమిళంలో స్పష్టంగా మాట్లాడింది. నేను కస్తూరి డిజిటల్స్ కస్తూరమ్మని. పెట్టె విప్పింది నేను. కెమెరా వాడింది నేను. ఎలుమలైకి ఇందులో పాపం లేదు. నా కోడలికి ఏమీ తెలియదు.

చెప్పేసింది, అయిపోయింది. ఎస్తేర్ అడిగిన నిజం ఇదే. ఇక ఆమె వెనక్కి తీసుకుంటుంది, ఒక కెమెరా మార్చి ఇస్తాం, ఒక క్షమాపణ రాసిస్తాం, కొట్టు నిలబడుతుంది. అత్త చేతిని ఊరు ఏమన్నా అననీ, నేనున్నాను.

అవతల యువరాజ్ ఏదో అడిగాడు. నాకు వినపడలేదు. అత్త మాత్రం విని, ఒక్క క్షణం నన్ను చూసింది. ఇంకా ఏదో చెప్పబోతోందని అర్థమై ఫోను లాక్కోవడానికి చెయ్యి చాపేలోపే ఆమె పక్కకి తిరిగిపోయింది.

“అదొక్కటే కాదు సార్,” అంది. “ఈ ఏడాదిలో అట్లా వాడి అమ్మినవి మొత్తం ఏడు. రాసుకోండి, కొన్నవాళ్ళ పేర్లు చెబుతాను.”